ఫొటోలో మేడలు వెనుకకు వాలునేల?

బోస్టన్ నగరమందలి కోప్లీ కూడలిలో, 1877లో ప్రతిష్ఠితమైన ట్రినిటీ చర్చి గరుకురాతి కమానులు, ప్రక్కనే నిలిచిన 60 అంతస్తుల హాన్‌కాక్ టవరు నీలి అద్దములలో ప్రతిబింబించుచుండగా, ఆ వైరుధ్యమునకు ముగ్ధులై కెమెరాను పైకెత్తిన పిల్లలకు, నిట్టనిలువు రేఖలన్నియు పైకి పోనుపోను ఒకదానివైపొకటి ఒరగినట్లు కనబడును. ఎందుకు? కెమెరాలోని చిత్రఫలకము గోడకు సమాంతరముగా నున్నంతవరకు నిలువు గీతలు నిలువుగనే పడును. పైకి వంచితిమా, దూరమైన శిఖరము పాదముకంటె చిన్నదై, రైలుపట్టాలవలె అవి దగ్గరపడును. కనుక వెనుకకు జరిగి, కెమెరాను నిటారుగా పట్టి తీసి, క్రింద మిగిలిన నేలను పిమ్మట కత్తిరింపవలెను. వృత్తి ఛాయాగ్రాహకులు కటకమునే పైకి జరుపుదురు. దాని ఖరీదు మాత్రము అడుగకుడు! ఇక ప్రతిబింబము స్ఫుటముగా రావలెనన్న, చర్చిపై ఎండ పడు వేళయే ఉత్తమము.