సమాధాన పరిచర్యకు ధనసహాయము: ఉత్తర ఐర్లండు అనుభవము

పరిచయము

సమాధానపరచు పనికి ధనము అవసరము. ఇరు వర్గముల యువకులను ఒకచోట చేర్చుటకు స్థలము, వారితో పనిచేయువారికి జీతము, ప్రయాణ ఖర్చులు కావలెను. అయితే ఆ ధనము సమాధానమునకు తోడ్పడునా, క్రొత్త తగవులకు దారితీయునా అనునది దానిని పంచు విధానముపై ఆధారపడియున్నదని మేము తలంచుచున్నాము. ఇందుకు ఉత్తర ఐర్లండును ఉదాహరణగా పరిశీలింతము.

నేపథ్యము

1960వ దశకము చివరి నుండి 1998 వరకు అక్కడ జరిగిన హింసలో 3,500 మందికి పైగా మరణించారు. ఐర్లండుతో ఏకము కావలెనని కోరినవారిలో అత్యధికులు కాథలిక్కులు. బ్రిటనుతోనే ఉండవలెనని కోరినవారిలో అత్యధికులు ప్రొటెస్టెంటులు. అయినను ఇది సిద్ధాంత భేదము వలన కలిగిన కలహము కాదు. రాజ్యాధికారము, ఇండ్ల కేటాయింపు, ఉద్యోగములు దీనిలో ఇమిడియున్నవి.

1986లో బ్రిటన్, ఐర్లండు ప్రభుత్వములు అంతర్జాతీయ ఐర్లండు నిధిని స్థాపించాయి. 1994 కాల్పుల విరమణల తరువాత, 1995లో యూరోపియన్ యూనియన్ 'పీస్' కార్యక్రమమును ప్రారంభించింది. మొదటి విడతకు (1995-1999) యూనియన్ ఇచ్చినది సుమారు 50 కోట్ల యూరోలు. ప్రస్తుత విడతయైన 'పీస్‌ప్లస్' (2021-2027) మొత్తము 110 కోట్ల యూరోలకు పైబడినది.

నిర్ణయించువారు ఎవరు?

మొదటి విడతలో కొంత సొమ్మును పంచు బాధ్యత 26 జిల్లా భాగస్వామ్య కమిటీలకు అప్పగింపబడెను. ఒక్కొక్క కమిటీలో మూడింట ఒక వంతు స్థానిక కౌన్సిల్ సభ్యులు, ఒక వంతు స్వచ్ఛంద సంస్థలవారు, మిగిలిన వంతు వ్యాపారులు, కార్మిక సంఘములవారు, ప్రభుత్వ శాఖలవారు. విరోధ పక్షములవారు ఒకే బల్లయొద్ద కూర్చుండి, అవతలి వీధివారి అవసరమును కూడ విని, తీర్మానము చేయవలసి వచ్చెను. పథకము మొదలు కాకముందే ఆ చర్చ సమాధానమునకు అభ్యాసమాయెను.

ఎదురైన సమస్యలు

రెండవ విడతలో (2000-2006) దరఖాస్తులు, లెక్కల పత్రములు చిన్న సంస్థలకు మోయరాని భారమైనవని విమర్శ వచ్చినది. ఒకే వర్గముతో చేయు పనికి సొమ్ము ఇవ్వవచ్చునా అను ప్రశ్న కూడ లేచినది. భయపడిన సమాజము మొదట ధైర్యము తెచ్చుకొనవలెనని కొందరు, అది విభజననే బలపరచునని మరికొందరు వాదించారు. రెండు వాదములలోను సత్యమున్నది. కావున అట్టి పని అవతలి వర్గమును కలిసికొనుటకు మొదటి మెట్టుగా ఉన్నదా అని చూడవలెను. ఇంత ధనము వెచ్చించినను బెల్‌ఫాస్టులో ఇండ్ల మధ్య కట్టిన గోడలు అనేకము నేటికిని నిలిచియున్నవి.

దీనికి భిన్నముగా, ప్రెస్బిటేరియన్ కాపరి రే డేవీ నాయకత్వములో కొరిమీలా సహవాసము 1965లోనే, ఈ నిధులేవియు లేని కాలములో ఆరంభమైనది. అది ఇప్పటికిని కొనసాగుచున్నది. దానికి సంబంధములు ముందు, నిధులు తరువాత.

సంఘమునకు పాఠములు

పౌలు అన్యజనుల సంఘములలో చందా పోగుచేసి యెరూషలేములోని యూదా విశ్వాసులకు తీసికొనిపోవుట కూడ రెండు వర్గములను కలిపిన ధనసహాయమే. ఎవరును తప్పు పట్టకుండునట్లు, సంఘములు ఏర్పరచిన వారు ఆ సొమ్ముతో ప్రయాణము చేశారు (2 కొరింథీ 8:18-21).

కావున మన గ్రామములో సమాధాన కమిటీకి సహాయము అంగీకరించు ముందు కాపరి మూడు ప్రశ్నలు అడుగవలెను. నిర్ణయించు బల్లయొద్ద అవతలి వర్గమువారికి చోటున్నదా? లెక్కలు ఇరుపక్షములవారు చూడగలరా? గ్రాంటు ముగిసిన మరుసటి నెలలో కూడ ఈ ప్రజలు కలిసికొందురా? మూడవదానికి జవాబు లేనియెడల సొమ్ము కొరకు తొందరపడక, మొదట పొరుగువారి ఇంటికి వెళ్లుట మేలని మా అభిప్రాయము.