గడ్డిపోచ చెప్పిన జీవశాస్త్రం

వరికోతలు ముగిసిన పిదప జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో ప్రయాణించేవారికి రహదారికి ఇరువైపులా ఒక దృశ్యం కానవస్తుంది. కోతయంత్రం విడిచిపోయిన గడ్డి పొలమంతటా పరచుకొని ఉంటుంది. కొన్ని మడులలో ఆ గడ్డి మండుతూ ఆకాశాన్ని పొగతో నింపుతుంది. యాసంగి నాట్లకు వ్యవధి తక్కువ. గడ్డిని పోగుచేయించాలంటే కూలి ఖర్చు ఎక్కువ. నిప్పు పెడితే ఒక్క పూటలో మడి ఖాళీ అవుతుంది. రైతు ఇబ్బంది కాదనలేనిది. అయితే ఆ మంటలో కాలిపోతున్నది గడ్డి మాత్రమేనా? ఈ ప్రశ్నకు సమాధానం కావాలంటే గడ్డిపోచను ఆశ్రయించి బ్రతికే జీవులను గురించి తెలుసుకోవాలి.

పూర్వం శాస్త్రజ్ఞులు జీవులన్నిటినీ వృక్షాలు, జంతువులు అని రెండుగా విభజించారు. పుట్టగొడుగును సైతం మొక్కగానే భావించారు. 1969లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ విట్టేకర్ కణనిర్మాణాన్నీ, ఆహారాన్ని సంపాదించుకొనే విధానాన్నీ ఆధారం చేసుకొని జీవులను ఐదు రాజ్యాలుగా వర్గీకరించాడు. తరువాతి కాలంలో ఆ వర్గీకరణలో మార్పులు వచ్చినా, మొక్కలు, జంతువులు, శిలీంధ్రాలు, బాక్టీరియాల మధ్య ఆయన చూపిన భేదాలు నేటికీ మనకు ఉపకరిస్తాయి. ఈ నాలుగూ గడ్డిపోచ చుట్టూనే కనిపిస్తాయి.

మొదటిది మొక్క. జగిత్యాల సమీపంలోని పొలాస ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం రూపొందించిన జగిత్యాల సన్నాలు కానీ, మరే వరి రకం కానీ తన ఆహారాన్ని తానే తయారుచేసుకొంటుంది. ఆకులలోని పత్రహరితం సూర్యరశ్మిని గ్రహించి, నీటినీ బొగ్గుపులుసు వాయువునూ గ్లూకోజుగా మారుస్తుంది. వేలాది గ్లూకోజు అణువులు గొలుసువలె కూడితే సెల్యులోజ్ ఏర్పడుతుంది. మొక్క కణానికి గోడవలె నిలిచే కణకవచంలో ప్రధాన పదార్థం ఇదే. సిరిసిల్ల మరమగ్గాలపై నేసే నూలు వస్త్రంలోనూ ఉన్నది ఇదే. పత్తిగింజ పైపొరలోని ఒక్కొక్క కణం సాగి ఒక్కొక్క పోగు అవుతుంది. ఆ పోగులో దాదాపు 90 శాతం సెల్యులోజే. పశువు మేసే మేతకు, మనిషి కట్టే బట్టకు మూలపదార్థం ఒక్కటే అన్నమాట.

రెండవది జంతువు. జంతుకణానికి కణకవచం ఉండదు. జంతువు తన ఆహారాన్ని తాను తయారుచేసుకోలేక ఇతర జీవులపై ఆధారపడుతుంది. మనం అన్నంలోని పిండిపదార్థాన్ని సులభంగా జీర్ణం చేసుకోగలం. అదీ గ్లూకోజు అణువుల గొలుసే. కాని సెల్యులోజ్ గొలుసులో అణువుల కూర్పు వేరు. దానిని తెంచగల ఎంజైము మన దేహంలో లేదు. విచిత్రమేమంటే, రోజంతా గడ్డి మేసే గేదె దేహంలోనూ ఆ ఎంజైము తయారు కాదు! మరి గేదె ఎట్లా బ్రతుకుతున్నది?

ఈ రహస్యం మూడవ జీవరాశి అయిన బాక్టీరియాలో ఉన్నది. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నది. పశువైద్య విద్యార్థులు అధ్యయనం చేసే ముఖ్యాంశాలలో నెమరువేసే పశువుల జీర్ణక్రియ ఒకటి. ఆ పశువుల కడుపులో నాలుగు గదులుంటాయి. మొదటిదైన రూమెన్‌లోని ఒక్క మిల్లీలీటరు ద్రవంలో సుమారు 1,000 కోట్ల బాక్టీరియాలు ఉంటాయి. ఇవి ఏకకణ జీవులు. వీటి కణంలో స్పష్టమైన కేంద్రకం ఉండదు. గాలి సోకని ఆ చీకటి గదిలో ఇవి సెల్యులోజ్‌ను విడగొట్టి కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి. వాటినుండే గేదెకు శక్తి లభిస్తుంది. గేదె వాటికి వెచ్చని నివాసమూ, నిత్యం మేతా సమకూరుస్తుంది. మనం త్రాగే పాల వెనుక కంటికి కనిపించని ఈ శ్రామికుల కష్టం దాగి ఉన్నది.

నాలుగవది శిలీంధ్రం. దీనిలో పత్రహరితం ఉండదు. దీని కణకవచం ప్రధానంగా సెల్యులోజ్‌తో గాక కైటిన్‌తో నిర్మితమై ఉంటుంది. కీటకాల పైపెంకులో ఉండేదీ కైటినే. శిలీంధ్రం ఆహారాన్ని మింగదు. ఎంజైములను వెలుపలికి స్రవించి, అక్కడే జీర్ణం చేసి, ఆ సారాన్ని పీల్చుకొంటుంది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పసిఫిక్ మహాసముద్రంలోని సోలొమన్ దీవులలో అమెరికా సైన్యపు నూలు గుడారాలు కుళ్ళిపోసాగాయి. ఆ గుడ్డను తింటున్నది ట్రైకోడెర్మా అనే శిలీంధ్రమని పరిశోధనలో తేలింది. అదే ప్రజాతికి చెందిన ట్రైకోడెర్మా విరిడిని నేడు రైతులు పసుపులో దుంపకుళ్ళు నివారణకు వాడుతున్నారు. గుడారానికి శత్రువైన శిలీంధ్రపు బంధువు పసుపుచేనుకు మిత్రమైనది. వరిగడ్డిపై పెరిగే పుట్టగొడుగులూ శిలీంధ్రాలే.

మొక్క నిర్మించినదానిని జంతువు, బాక్టీరియా, శిలీంధ్రం కలిసి విడగొట్టి, తిరిగి మట్టికి చేర్చి, మరొక మొక్కకు అందిస్తాయి. ఈ చక్రంలో ఏ ఒక్కటీ స్వయంసంపూర్ణం కాదు. గడ్డికి నిప్పు పెట్టినపుడు ఈ చక్రం తెగుతుంది. గడ్డిలోని నత్రజనిలో అధికభాగం గాలిలో కలిసిపోతుంది. పైమట్టిలోని సూక్ష్మజీవులు నశిస్తాయి. ఆ లోటును రైతు ఎరువుల బస్తాలతో పూడ్చుకోవలసివస్తుంది.

గడ్డిని కట్టలు కట్టి పశువులకు మేపవచ్చు. పుట్టగొడుగుల పెంపకానికీ, కంపోస్టుకూ వాడవచ్చు. పొలంలోనే దున్నదలచినవారు నాట్లకు కొన్ని వారాల ముందే ఆ పని చేయాలి. ఎందుకంటే గడ్డిని కుళ్ళబెట్టే జీవులు తొలుత నేలలోని నత్రజనిని తామే వాడుకొని, తరువాతనే పైరుకు తిరిగి ఇస్తాయి. ఆ కొద్దిపాటి ఓర్పు చూపిన రైతుకు నేల తన సారాన్ని నిలుపుకొని బదులు తీరుస్తుంది.