ట్రాక్టరు మూడు బిందువుల లింకేజి

మూడు బిందువుల లింకేజి అనగా వ్యవసాయ పనిముట్లను ట్రాక్టరు వెనుక భాగమునకు తగిలించే ఏర్పాటు. క్రింద రెండు, పైన ఒకటి, మొత్తం మూడు చోట్ల పనిముట్టు ట్రాక్టరుతో కలుస్తుంది కనుక దీనికి ఈ పేరు వచ్చింది. నాగలి, గొర్రు, రోటావేటరు, చదును చేసే బ్లేడు మొదలైనవి మార్చినప్పుడల్లా ఈ లింకేజిని తిరిగి సరిచేయవలెను. ఒక పనిముట్టుకు కుదిరిన అమరిక మరియొక దానికి కుదరదు.

చరిత్ర

తొలినాటి ట్రాక్టర్లు నాగలిని బండిని లాగినట్లు వెనుక నుండి లాగేవి. నాగలి రాతికో, చెట్టు వేరుకో తగులుకొని ఆగిపోయినప్పుడు ముందు చక్రాలు పైకి లేచి, ట్రాక్టరు వెనుకకు తిరగబడి నడిపేవారి ప్రాణాలు పోయేవి. ఐర్లండులో జన్మించిన హారీ ఫెర్గూసన్ (1884–1960) నాగలిని ట్రాక్టరుకు మూడు చోట్ల బిగించి, హైడ్రాలిక్ శక్తితో ఎత్తి దించే పద్ధతిని రూపొందించి, 1926లో బ్రిటిషు పేటెంటు పొందాడు. ఈ పద్ధతిలో నాగలి దేనికైనా తగులుకొంటే పై లింకు ట్రాక్టరును ముందుకు నెట్టి, ముందు చక్రాలను నేలకు అదిమి ఉంచుతుంది. 1939లో ఫోర్డు కంపెనీ తయారుచేసిన 9ఎన్ ట్రాక్టరుతో ఈ విధానం బహుళ ప్రచారం పొందింది. భారతదేశంలో 1959లో ఐషర్ సంస్థ, 1960 దశకంలో చెన్నైకి చెందిన టాఫే సంస్థ ట్రాక్టర్ల తయారీ చేపట్టాయి. తరువాతి కాలంలో ఈ లింకేజి అన్ని కంపెనీల ట్రాక్టర్లకు సామాన్యమైనది.

ముఖ్య భాగములు

* క్రింది లింకులు: ఇవి రెండు. లాగుడు భారమంతా వీటిపై పడుతుంది.
* పై లింకు (టాప్ లింక్): మరలు గల కడ్డీ. త్రిప్పి పొడవు తగ్గించవచ్చును, పెంచవచ్చును.
* లిఫ్టు రాడ్లు: క్రింది లింకులను పైకెత్తే కడ్డీలు. సాధారణంగా కుడివైపు రాడ్డు పొడవును హ్యాండిలుతో మార్చవచ్చును.
* చెక్ చైన్లు: పనిముట్టు ప్రక్కలకు ఊగి టైర్లకు తగలకుండా ఆపే గొలుసులు.
* హైడ్రాలిక్ లివర్లు: పొజిషన్ కంట్రోలు పనిముట్టును ఒకే ఎత్తులో నిలుపుతుంది. డ్రాఫ్టు కంట్రోలు నేల గట్టిపడి లాగుడు పెరిగినప్పుడు పనిముట్టును కొద్దిగా పైకెత్తి ఇంజనుపై భారం తగ్గిస్తుంది.

క్రింది లింకుల పిన్ను ఒకటవ తరగతిలో 22 మిల్లీమీటర్లు, రెండవ తరగతిలో 28 మిల్లీమీటర్లు ఉంటుంది. పెద్ద రంధ్రములో సన్నని పిన్ను వేయవలసివస్తే తగిన బుష్ వేయవలెను. లేనిచో పిన్ను అరిగి విరుగుతుంది.

కృష్ణా డెల్టాలో ప్రాముఖ్యం

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో జిగురైన నల్ల నేలలు ఎక్కువ. కాలువలకు నీరు వదిలిన తరువాత పొలానికి నీరు పెట్టి, దమ్ము చేసి వరి నాటుతారు. వరి కోతకు కొద్ది రోజుల ముందు, నిలిచి ఉన్న పైరులోనే మినుము చల్లుతారు. ఈ రెండు పంటల నడుమ దున్నడం ఉండదు. కనుక దమ్ము నాడు పనిముట్టు ఒకవైపు వాలి మడి ఎగుడుదిగుడైతే, ఆ దోషం మినుము పంట వరకు ఉండిపోతుంది. పల్లంలో నీరు నిలిచి మొలక కుళ్ళుతుంది, మెరకలో కలుపు పెరుగుతుంది. లింకేజిలో కొద్దిపాటి తేడా రెండు పంటలను దెబ్బతీయగలదు.

తగిలించే క్రమము

ట్రాక్టరును సమతలముపై నిలిపి, ముందుగా ఎడమ క్రింది లింకు, పిదప కుడి క్రింది లింకు, చివరకు పై లింకు తగిలించవలెను. కుడివైపు రాడ్డు పొడవు మార్చుకొనే వీలున్నందున ఎడమవైపు ముందు బిగిస్తారు. విప్పునప్పుడు పనిముట్టును నేలపై దించి, ఇదే క్రమమును తిరగవేయవలెను. ప్రతి పిన్నుకు లించ్ పిన్ను తప్పనిసరి.

పనిముట్టును బట్టి సర్దుబాట్లు

రెక్క నాగలి: రెండవ చాలు నుండి ట్రాక్టరు కుడి చక్రాలు చాలులో నడుస్తాయి కనుక ట్రాక్టరు కుడికి వాలుతుంది. నాగలి సమంగా ఉండుటకు కుడి లిఫ్టు రాడ్డును చాలు లోతుకు తగినట్లు కురచ చేయవలెను. చెక్ చైన్లు కొంత వదులుగా ఉండాలి. డ్రాఫ్టు కంట్రోలు వాడాలి.

గొర్రు: నాగలి తరువాత గొర్రు తగిలించినప్పుడు కుడి రాడ్డును తిరిగి ఎడమదానితో సమం చేయవలెను. ముందు వరుస కర్రులు లోతుగాను, వెనుకవి పైపైన ఉంటే పై లింకు పొడవు పెంచాలి. వెనుకవి లోతుగా దిగితే తగ్గించాలి.

రోటావేటరు: రెండు ప్రక్కలా సమంగా, గేరు పెట్టె నేలకు సమాంతరంగా ఉండాలి. ఇంజను శక్తినందించే పి.టి.ఓ. షాఫ్టు ఎక్కువ వంపులో తిరిగితే దాని కీళ్ళు విరుగుతాయి. మలుపులలో ఎక్కువ ఎత్తవలసివస్తే ముందుగా పి.టి.ఓ. ఆపవలెను. చైన్లు బిగువుగా ఉంచి, పొజిషన్ కంట్రోలు వాడాలి. లోతును ప్రక్కనున్న స్కిడ్లతో నిర్ణయిస్తారు.

చదును చేసే బ్లేడు: చైన్లు బిగువుగాను, రెండు లిఫ్టు రాడ్లు సమంగాను ఉండాలి. లేనిచో ఒక మూల నేలలోకి దిగి గాడి పడుతుంది.

దమ్ము చక్రాలు: టైర్ల స్థానంలో ఇనుప చక్రాలు వేసినప్పుడు ట్రాక్టరు వెనుక ఎత్తు మారవచ్చును. బురదలో చక్రాలు దిగినప్పుడు మరల మారుతుంది. కనుక కళ్ళములో చేసిన అమరిక పొలములో నిలవదు. కొంతదూరం నడిపి, దిగి చూసి, పై లింకును మరల సరిచేయవలెను.

ట్రక్కు: పి.టి.ఓ. షాఫ్టు, పై లింకు తీసివేసి, క్రింది లింకులను ట్రక్కు బారుకు తగలకుండా పైకి కట్టవలెను. ట్రక్కును దానికై ఉన్న హుక్కుకే తగిలించాలి.

జాగ్రత్తలు

పై లింకు బిగించే చోట గొలుసు కట్టి దేనినీ లాగరాదు. లాగే చోటు వెనుక ఇరుసు కంటే ఎత్తున ఉంటే ట్రాక్టరు ముందు భాగము లేచి క్షణములో వెనుకకు తిరగబడుతుంది. ట్రాక్టరు బురదలో దిగబడినప్పుడు తొందరపాటులో ఈ ప్రమాదం జరిగే అవకాశమున్నది. అట్టి సమయమున పనిముట్టు విప్పి, మరియొక ట్రాక్టరుతో క్రింది హుక్కుకు కట్టి లాగించుట మేలు.

కాలువ గట్లు ఎక్కునప్పుడు బరువైన పనిముట్టును వీలైనంత క్రిందికి ఉంచి మెల్లగా నడపవలెను. పి.టి.ఓ. షాఫ్టు సాధారణంగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. పంచె కొంగు, కండువా దానికి చుట్టుకొంటే విడిపించుకొనే వ్యవధి ఉండదు. లింకేజిపై ఏ సర్దుబాటు చేయాలన్నా పనిముట్టును నేలకు దించి, ఇంజను ఆపవలెను. ఎత్తి ఉంచిన పనిముట్టు క్రిందకు వెళ్ళరాదు.