మిద్దెతోట కత్తెరకు ఇంట్లోనే సాన

గులాబీ కొమ్మను మొద్దుబారిన కత్తెరతో కోస్తే తెగిన చోట బెరడు నలిగి పీచు వేలాడుతుంది. ఆ బెరడు కిందే కాండాన్ని లావెక్కించే పలుచటి కణాల పొర ఉంటుంది. దాని పేరు కేంబియం. గాయాన్ని మూసే కొత్త కణజాలం ఎక్కువగా అక్కడి నుంచే పుడుతుంది. అది నలిగితే గాయం మానడం ఆలస్యమవుతుంది, ఈలోగా శిలీంధ్రాలకు దారి దొరుకుతుంది. గులాబీలో కొమ్మ చివరి నుంచి కిందికి ఎండుకొచ్చే తెగులు తరచూ కత్తిరించిన చోటే మొదలవుతుంది. ఎరువులకు ఎంతో ఖర్చుపెట్టే వాళ్లు కూడా కత్తెర పదును సంగతి పట్టించుకోరు.

రెండు తలాలు కలిసే గీతలోనే పదునంతా ఉంటుంది. అంచు మందం 0.1 మిల్లీమీటరు నుంచి 0.01 మిల్లీమీటరుకు తగ్గితే, అదే చేతి బలానికి కొమ్మ మీద ఒత్తిడి 10 రెట్లవుతుంది. వాడేకొద్దీ ఆ గీత గుండ్రబడుతుంది, ఒరుగుతుంది, సన్నటి పెచ్చులూడుతుంది. పక్కనున్న లోహాన్ని కాస్త అరగదీసి, రెండు తలాలనూ మళ్లీ ఒకే గీత మీదికి తేవడమే సాన పట్టడం.

కరెంటు చక్రం మీద ఇది నిమిషంలో అయిపోతుంది కానీ, అక్కడ పుట్టే వేడితోనే చిక్కు. ఉక్కును ఎర్రగా కాల్చి చల్లార్చి, తర్వాత తక్కువ వేడి మీద పెళుసుదనం తగ్గించి బ్లేడుకు గట్టిదనం తెస్తారు. చక్రం రాపిడికి అంచు నీలం రంగుకు తిరిగిందంటే వేడి సుమారు 300 డిగ్రీలకు చేరినట్టే. చాలా రకాల ఉక్కు అక్కడ మెత్తబడుతుంది, పెట్టిన పదును నిలవదు. చేత్తో రాసేటప్పుడు ఆ భయం లేదు.

ముందు సబ్బునీళ్లతో, మొండి జిగురుంటే కిరసనాయిలుతో బ్లేడు తుడవాలి. ఒక బ్లేడు మరో బ్లేడు పక్కగా జారే కత్తెరలో వాలు ఒకవైపే ఉంటుంది. రాయాల్సింది ఆ వైపే. వెనకవైపు చదును తలాన్ని అరగదీస్తే రెండు బ్లేడ్ల మధ్య సందు పడి, కొమ్మ తెగకుండా మడతపడి ఇరుక్కుంటుంది. ఇంట్లో జరిగే పొరపాట్లలో పెద్దది ఇదే.

కోణం 20 నుంచి 25 డిగ్రీలు. కాగితం మూలను సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిస్తే 22.5 డిగ్రీలు వస్తుంది, కొలతకు అది చాలు. ఇంకా సులువైన పద్ధతి, వాలు మొత్తానికి మార్కర్ పెన్నుతో రంగు పూసి ఒకసారి రాసి చూడటం. సిరా అంచు దగ్గరే పోతే రాయి మరీ నిలువుగా ఉన్నట్టు, వెనకభాగంలోనే పోతే మరీ పడుకోబెట్టినట్టు. ఆకురాయిని ముందుకు తోసేటప్పుడే నొక్కాలి. దాని పళ్లు ఒకే దిశలో కోస్తాయి, వెనక్కి లాగితే అవే అరుగుతాయి. ఉక్కు గట్టిదై ఆకురాయి జారిపోతుంటే కార్బొరండం రాయో వజ్రపు పూత పలకో వాడాలి. కార్బొరండం అంటే సిలికాన్ కార్బైడ్. దాని తయారీకి అమెరికన్ ఎడ్వర్డ్ అచెసన్ 1893లో పేటెంటు పొందారు. మోస్ కొలమానంలో దాని గట్టిదనం 9కి పైనే.

కాసేపటికి చదును వైపు అంచు పొడుగునా సన్నటి కరుకు లేస్తుంది. బొటనవేలిని బ్లేడు మీది నుంచి అంచు బయటికి జాగ్రత్తగా జరిపితే అది తగులుతుంది. వాలు అంచుదాకా అరిగిందనడానికి అదే గుర్తు. అప్పుడు చదును తలాన్ని సన్నరాయి మీద పూర్తిగా ఆనించి ఒకటి రెండుసార్లు రాస్తే ఊడిపోతుంది. తర్వాత ఒక చుక్క నూనె.

పారకూ బొరిగెకూ ఇంత సన్నటి అంచు పనికిరాదు, రాయి తగలగానే చిట్లుతుంది. వాటికి 45 డిగ్రీలు, అంటే కాగితానికి ఒక్క మడత.

వరి కోసే కక్కు కొడవలి లెక్క వేరు. వరిగడ్డిలో సిలికా ఎక్కువ, పళ్లు త్వరగా అరుగుతాయి. పళ్లు లేని వైపు చదునుగా రాస్తే కొంతకాలం లాగుతుంది. కక్కు పూర్తిగా పోతే మాత్రం కమ్మరి ఉలితో మళ్లీ పెట్టాల్సిందే.