దీపం కింద చీకటి

పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని మనం చిన్నప్పటి నుంచీ వింటున్నదే. పదేళ్ళ పైబడి కామెర్ల రోగులను చూస్తున్నాం గాని, లోకం పచ్చగా కనబడుతోందని మాతో చెప్పినవారు ఒక్కరూ లేరు. పచ్చబడేది కళ్ళు, చూపు కాదు. అయినా ఆ మాటను ఎవరూ శంకించరు. వినడానికి సబబుగా ఉంది, అంతే. సబబుగా ఉన్నదల్లా నిజమనుకోవడం ఎంత సులువో మాకు మా ఇంట్లోనే తెలిసివచ్చింది.

ఖతార్ వచ్చిన రెండో ఏడు మా శ్రీమతికి నడుము, తుంటి నొప్పులు మొదలయ్యాయి. కింద కూర్చుంటే గోడ పట్టుకుని లేవాలి. మెట్లెక్కడం కష్టమైపోయింది. ఆ ఏడే గుంటూరులో మా అత్తగారు పోయారు. కడసారి చూపు కూడా ఈమెకు దక్కలేదు. ఇంకేముంది, ఇది బెంగేనని తేల్చేశాం. నొప్పి అన్నప్పుడల్లా నాలుగు ఓదార్పు మాటలు చెప్పి, ఒక మాత్ర చేతిలో పెట్టేవాళ్ళం. పరాయి మనిషి ఎవరైనా అవే బాధలతో వస్తే మొదటిరోజే రక్తపరీక్షకు రాసి ఉండేవాళ్ళం! పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా ఇంట్లో పెరటి రోగికే వైద్యం అందలేదు.

ఎనిమిది నెలల తర్వాత తెలిసిన డాక్టరమ్మ ఒకావిడ పట్టుబట్టి పరీక్ష చేయిస్తే, విటమిన్ డి మిల్లీలీటరుకు 6 నానోగ్రాములని తేలింది. 20కి తగ్గితే లోపమని సాధారణంగా లెక్క. ఎముకలు మెత్తబడుతున్నాయన్నమాట. "ఈ ఎండల్లోనా?" అన్నది మా నోట వచ్చిన మొదటి మాట.

ఆ మాటలోనే మా పొరపాటంతా ఉంది. ఎండ దేశంలో ఉండడం వేరు, ఒంటికి ఎండ తగలడం వేరు. ఇంట్లో ఏసీ, కారులో ఏసీ, ఆఫీసులో ఏసీ. చర్మంలో ఈ విటమిన్ తయారు కావడానికి కావలసిన అతినీలలోహిత కిరణాలు కిటికీ అద్దం దాటి రావు. మన చామనచాయ ఒంటికి తెల్లవారి కన్నా ఎక్కువసేపు ఎండ కావాలి. దానికి తోడు పిల్ల నల్లబడిపోతుందన్న భయం మనకు ఉండనే ఉంది. తిండిలో దొరికేది బహు స్వల్పం. ఇక్కడి పిల్లల మీద 2009లో వెలువడిన పరిశీలనలోనే ఈ లోపం చాలా ఎక్కువగా కనిపించింది. అంతకు ముందే, 2004లో, తిరుపతి స్విమ్స్ వైద్యులు మన ప్రాంతపు సంగతి రాశారు. పట్నవాసుల కన్నా పల్లెవారి పరిస్థితి మెరుగే గాని, పగలంతా పొలంలో ఎండన పడి పనిచేసే వారిలోనూ చాలామందికి ఈ విటమిన్ చాలడం లేదట.

మందు వాడిన కొన్ని నెలలకు మా ఆవిడ తేలికపడింది. ఉగాది విందులో నలుగురికీ ఈ సంగతి చెప్పింది. అప్పటి నుంచి మన కుటుంబాల్లో ఎవరికి ఏ నొప్పి వచ్చినా విటమిన్ డి లోపమే! ఒక పెద్దాయన నీరసానికి ఆరు నెలలపాటు సొంతంగా ఈ మాత్రలే మింగారు. తీరా చూస్తే ఆయనది థైరాయిడ్. ఈ విటమిన్ మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలకు చేటు కూడాను. మొదట "ఉండదు" అని నమ్మి మేము చూడలేదు. ఇప్పుడు "ఇదే" అని నమ్మి మనవాళ్ళు ఇంకేదీ చూడడం లేదు.

ఇప్పుడు మందుచీటీ రాసే ముందు ఒక్క ప్రశ్న వేసుకుంటున్నాం: ఈ మనిషి కథ ఏదీ మాకు తెలియకపోతే ఏం చేసి ఉండేవాళ్ళం? నాన్నగారి ఆయాసాన్ని వయసు మీదికి, పిల్లవాడి కడుపునొప్పిని బడి మీదికి నెట్టేముందు మీరూ ఈ ప్రశ్న వేసుకోండి. దగ్గరివారి సంగతి మనకు బాగా తెలుసునన్న ధీమాతోనే చాలాసార్లు అడగవలసింది అడగం.

మా శ్రీమతికి తల్లి మీద బెంగ ఉన్న మాట నిజమే. అది ఇప్పటికీ తగ్గలేదు. మెట్లు మాత్రం ఎక్కుతోంది.