పాత విండోస్ సాఫ్ట్‌వేర్లు, తెలుగు డీటీపీ

ఒక విండోస్ రూపాంతరం కొరకు తయారైన సాఫ్ట్‌వేరు, తరువాతి రూపాంతరాలలో ఇన్‌స్టాల్ కాకపోవుటను లేదా సరిగా పనిచేయకపోవుటను అననుకూలత అంటారు. తెలుగునాట ఈ సమస్య డీటీపీ రంగంలో ప్రముఖంగా కనిపిస్తుంది. పేజ్‌మేకరులో కూర్చిన పుస్తకాల ఫైళ్ళు నేటికీ ముద్రణాలయాలలోను, రచయితల వద్దను ఉన్నందున ఇది గ్రంథ పరిరక్షణకు సంబంధించిన సమస్య కూడా.

నేపథ్యము

పేజ్‌మేకరును 1985లో ఆల్డస్ సంస్థ విడుదల చేసినది. 1994లో ఆల్డస్ సంస్థ అడోబ్‌లో విలీనమైనది. 1990 దశకంలోను, ఆ తరువాతను హైదరాబాదు, విజయవాడ తదితర నగరాల డీటీపీ కేంద్రాలలో పేజ్‌మేకరు, దానికి తోడుగా అను స్క్రిప్ట్ మేనేజర్ వంటి తెలుగు ఫాంట్ల ప్యాకేజీలు విస్తృతంగా వాడుకలో ఉండేవి. కంప్యూటరు శిక్షణకు పేరుపొందిన అమీర్‌పేట వంటి ప్రాంతాలలో డీటీపీ కూడా ఒక కోర్సుగా నేర్పేవారు. పేజ్‌మేకరు చివరి రూపాంతరమైన 7.0 2001లో వెలువడినది. 2004లో అడోబ్ దాని అభివృద్ధిని నిలిపివేసినది. కావున అది తరువాతి విండోస్‌లకు అనుగుణంగా సవరించబడలేదు.

కారణములు

* 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములు నడవవు. 2021లో వచ్చిన విండోస్ 11కు 32 బిట్ రూపాంతరమే లేదు.
* పాత సాఫ్ట్‌వేర్లు తమ సెట్టింగులను ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డరులోనే వ్రాసుకునేవి. 2007లో విడుదలైన విస్టా నుండి సాధారణ వాడుకరికి ఆ అనుమతి లేదు.
* కొన్ని భారతీయ భాషా సాఫ్ట్‌వేర్లు డాంగిల్ అనే తాళం ఉంటేనే పనిచేస్తాయి. 64 బిట్ విండోస్‌కు తగిన డ్రైవరు లేనిచో ఆ తాళం గుర్తించబడదు.

పరిష్కారములు

మొదట ప్రోగ్రాము గుర్తుపై కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని కంపాటిబిలిటీ విభాగంలో విండోస్ ఎక్స్‌పీని ఎంచుకొనవలెను. అక్కడే "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" అనుమతి కూడా ఇవ్వవచ్చును. సాఫ్ట్‌వేరును ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాక, సి డ్రైవులో వేరొక ఫోల్డరులో ఇన్‌స్టాల్ చేయుట వలన అనుమతుల చిక్కు తగ్గుతుంది.

ఇవి ఫలించనప్పుడు వర్చువల్‌బాక్స్ వంటి సాఫ్ట్‌వేరు సహాయంతో, కొత్త కంప్యూటరులోనే ఒక కల్పిత కంప్యూటరును సృష్టించి, అందులో లైసెన్సు గల ఎక్స్‌పీని నడుపవచ్చును. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసినందున దానికి అంతర్జాల సంబంధం ఇవ్వరాదు.

తెలుగు పాఠ్యం విషయంలో జాగ్రత్తలు

ప్రోగ్రాము తెరచుకున్నంత మాత్రాన పాఠ్యం భద్రమైనట్లు కాదు. పాత తెలుగు ఫాంట్లలో తలకట్టు, గుడి, ఒత్తు వంటి ముక్కలను ఆంగ్ల అక్షరాలకు, చిహ్నాలకు కేటాయించిన స్థానాలలో అమర్చేవారు. ఈ అమరిక ఒక్కొక్క సంస్థది ఒక్కొక్క విధం. అందువలన ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెలుగు వాక్యం అర్థంలేని ఆంగ్ల అక్షరాలుగా కనిపిస్తుంది. అట్టి ఫైలును పీడీఎఫ్‌గా మార్చినచో పుట రూపం నిలుస్తుంది గాని, అందులో తెలుగు పదాన్ని వెదకుట సాధ్యం కాదు.

యూనీకోడ్‌లో తెలుగుకు 1991లోనే ప్రత్యేక స్థానాలు (0సి00 నుండి 0సి7ఎఫ్ వరకు) కేటాయించబడినవి. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే యూనీకోడ్ ఫాంటు వచ్చినది. పాత పాఠ్యాన్ని యూనీకోడ్‌లోనికి మార్చు ఉపకరణాలు కలవు. మార్చిన పిదప ఒత్తులను, అంకెలను మూలంతో సరిచూడవలెను. మధ్యలో వచ్చు ఆంగ్ల పదాలను కూడా ఉపకరణం తెలుగు ముక్కలుగా భావించి మార్చివేసే ప్రమాదం ఉన్నది.

కావున పాత కంప్యూటరు పనిచేయుచున్నప్పుడే మూల ఫైలు, దానికి వాడిన ఫాంట్లు, పీడీఎఫ్, యూనీకోడ్ పాఠ్యం అనే నాలుగింటిని కలిపి రెండు వేర్వేరు చోట్ల భద్రపరచుట ఉత్తమం. పాత సాఫ్ట్‌వేరును నడిపించుట తాత్కాలిక ఉపాయమే. యూనీకోడ్‌లోనికి మార్చిన పాఠ్యం తరువాతి కంప్యూటర్లలోను చదువుటకు వీలుగా ఉంటుంది.