సంఘ కార్యాలయమునకు వచ్చిన కంప్యూటరు పెట్టెను పరీక్షించి తీసికొను విధము

యూరియా బస్తా గోదామునకు చేరినప్పుడు 45 కిలోలు కలవో లేవో కాటా వేసి చూచుకొనుట మన సంఘములకు అలవాటైన పని. బస్తా చిరిగినను తడిసినను ఆ సంగతి రసీదుపై వ్రాయుదుము. కాని కంప్యూటరు పెట్టె వచ్చినప్పుడు "యంత్రముల సంగతి మనకేమి తెలియును?" అను సంకోచముచే చూడకయే సంతకము చేయుట కలదు. ఇది తగదు.

2022వ సంవత్సరము జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులకు ఎక్కించు పథకమును 2,516 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదించినది. ఈ ఏర్పాటున సంఘపు గుమాస్తా వ్రాసిన పద్దు దూరముననున్న సర్వర్లలో నిలువయుండును. సర్వర్ అనగా పెక్కు కంప్యూటరుల లెక్కలను దాచి, అడిగినప్పుడు అందించు పెద్ద యంత్రము. సర్వరునైనను, గుమాస్తా బల్లపై కంప్యూటరునైనను పరీక్షించి తీసికొను క్రమము ఒక్కటే.

మొదట పెట్టెను అన్ని వైపులను చూడవలెను. మూలలు నలిగినవా, తడి మరకలున్నవా, పట్టీ చింపి మరల అంటించినట్లున్నదా యని పరికింపవలెను. కొన్ని సర్వర్ పెట్టెలపై చిన్న బిళ్ల యుండును. పెట్టెకు గట్టి దెబ్బ తగిలినచో అది ఎఱ్ఱబారును. లోపము కనబడినచో ఫోటో తీసి, సరుకు తెచ్చినవారి యెదుటనే చలానుపై వ్రాసి, పిమ్మట సంతకము చేయవలెను. సక్రమముగా ముట్టినదని వ్రాసి యిచ్చిన తరువాత, దారిలో విరిగినదని రుజువుచేయుట కష్టము. లోపలి సరుకు చూడనిచో "పెట్టె విప్పి చూడలేదు" అని వ్రాయుట మేలు.

మొవ్వ ప్రాంతమునకు సముద్రము దూరము కాదు. గాలిలో తేమ మెండు. రాత్రియంతయు మంచులో లారీపై వచ్చిన యంత్రమును వెంటనే విప్పినచో, చల్లని నీటి చెంబుకు పట్టినట్లు దానికి చెమ్మ పట్టును. ఆ చెమ్మతో విద్యుత్తు నిచ్చినచో లోపలి భాగములు చెడవచ్చును. కావున పెట్టెను విప్పక కొన్ని గంటలు, వీలైనచో ఒక రాత్రి, గదిలో నుంచవలెను.

విప్పునపుడు కత్తిని లోతుగా దింపరాదు. సర్వర్ బరువైనది గాన ఇద్దరు పట్టి ఎత్తవలెను. ప్రతి వస్తువును ఆర్డరుతోను చలానుతోను సరిచూచి, యంత్రముపైని క్రమసంఖ్య పెట్టెపై సంఖ్యతో సరిపోవునో లేదో చూడవలెను. మూత తీయు పని నిపుణునకే విడువవలెను. మన దేహమందలి స్థిరవిద్యుత్తు చిన్న తాకుడుకే సున్నితమైన భాగములను చెఱుపగలదు.

ఎర్తు తీగ సరిగానున్నదో లేదో ఎలక్ట్రీషియనుచే ముందుగా చూపింపవలెను. యూపీఎస్ బ్యాటరీని తయారీదారు చెప్పినంతసేపు ఛార్జి చేయవలెను. యంత్రము నడచిన వెంటనే మెమొరీ, డిస్కు ఆర్డరు చేసినంత కలవో లేవో తెరపై చూచుకొనవలెను. ఒకటి రెండు దినములు నడిపి చూచిన పిమ్మటనే సభ్యుల లెక్కలు ఎక్కింపవలెను. అంతవరకు పెట్టెను పారవేయరాదు. పాత పుస్తకములను పక్కన పెట్టరాదు.

1904వ సంవత్సరపు చట్టముతో మన దేశమున సహకార పరపతి సంఘములు చట్టబద్ధమైనవి. నాటినుండియు లెక్కల పుస్తకమే సంఘమునకు ఆధారము. రైతు తీర్చిన బాకీ లెక్కలోనికి రానిచో కలుగు చిక్కు మన మెఱుగుదుము. పుస్తకము పోయి యంత్రము వచ్చినను ఆ బాధ్యత పోలేదు. గాన పెట్టె వచ్చు దినమున కార్యదర్శితోపాటు పాలకవర్గ సభ్యుడొకరు దగ్గరనుండి, క్రమసంఖ్యలను స్టాకు రిజిస్టరులో వ్రాయించి, వారంటీ కాగితమును భద్రపరపవలెనని సోదర సభ్యులను కోరుచున్నాము.